పల్లకీలో అక్క

నేను ఒక పాచికను. గవ్వలకూ, ఆరు ముఖాల పాచికలకూ దూరపు చుట్టాన్నే గాని వాటి జాతి కాదు. నాకు ఇరవై ముఖాలున్నాయి. దేవుళ్లకైనా ఇన్ని లేవు. ఒక్కో ముఖం మీద ఒక్కో అంకె, ఒకటి నుంచి ఇరవై వరకు. ఇంత ఘనంగా పుట్టానా, నన్ను చూసి ఇది పాచిక అని పోల్చుకున్న మనిషి అనకాపల్లిలో దాదాపు లేడు. పక్కింటావిడ మంచంకోడు మీది బుడిపె ఊడి వచ్చిందనుకుంది. గ్యాసుబండ తెచ్చినాయన పేపర్‌వెయిట్ అనుకున్నాడు. మనుషుల తెలివి మీద నాకు చిన్నచూపు మొదలైంది అప్పుడే.

నేను పుట్టింది ఏటికొప్పాకలో. లక్కబొమ్మలు చేసే చినసన్యాసి దగ్గరికి ఒక అమ్మాయి అట్టముక్కలు అంటించి చేసిన నమూనా పట్టుకుని వచ్చింది. ఆమె పేరు విరజ. అనకాపల్లిలో డిగ్రీ చదివేది. చినసన్యాసి ఆ నమూనాను అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటివి ప్లాస్టిక్‌వి ఫోన్లో నొక్కితే ఇంటికే వస్తాయి కదమ్మా అన్నాడు. ప్లాస్టిక్‌దానికి చప్పుడు ఉండదు, చప్పుడు లేకపోతే భయం పుట్టదు అని ఆమె బదులిచ్చింది. ఆడుకునే వస్తువుతో భయం ఎందుకో అతనికి బోధపడలేదు. నాకూ బోధపడలేదు, అప్పటికి నేనింకా అంకుడు కర్రనే.

చినసన్యాసి చేతికి గుండ్రం తప్ప వేరే రూపం తెలీదు. జన్మంతా భరిణెలు, బొంగరాలు తిప్పినవాడు. ముందు నన్ను బంతిగా తిప్పి, తర్వాత ఆకురాయితో ముఖాలు తీశాడు. అంతవరకు బాగానే ఉంది. పసుపు లక్క పట్టించాక మొగలి ఆకుతో మెరుగు పెట్టేటప్పుడు మాత్రం పాత అలవాటు ఊరుకోలేదు. అంచులన్నీ మళ్లీ నున్నగా రుద్దేశాడు. అందుకే నాకు ఒకచోట కాలు నిలవదు. మిగతా పాచికలు పడ్డచోట ఆగుతాయి, నేను దొర్లుతూనే ఉంటాను. మొదటి ఆదివారమే మేడ మీంచి దొర్లి వీధి కాలువలో పడ్డాను. విరజ దిగివచ్చి నన్ను కడిగి, తుడిచి, ఆ రోజు నుంచి ఇత్తడి పళ్లెంలో వేసేది. కంచు మోగినట్టు కాకపోయినా నా చప్పుడు ఆ పళ్లెంలో బాగా పలికేది. అంకెలు కూడా ఆమే రాసింది, సన్నటి కుంచెతో, నాలుక బయటపెట్టి.

ఇంతకీ ఆట ఏమిటో చెప్పాలి. ప్రతి ఆదివారం సాయంత్రం విరజ, ఆమె స్నేహితురాళ్లు దాక్షాయణి, రెహానా మేడ మీద చాప పరుచుకుని కూర్చునేవాళ్లు. గళ్లు లేవు, కాయలు లేవు. విరజ కథ చెప్పేది. అనగనగా ఏడు కోటల రాజ్యం, దాన్ని పట్టి పీడిస్తున్న ఒక పొగ రాక్షసి. దాక్షాయణి అందులో విలుకత్తె, రెహానా మూలికలు తెలిసిన మంత్రగత్తె. దారిలో గుహ వస్తే మీరేం చేస్తారని విరజ అడుగుతుంది. బాణం వేస్తానని దాక్షాయణి అంటుంది. తగిలిందా లేదా అన్నది నేను చెప్పాలి. పెద్ద అంకె పడితే తగిలినట్టు, చిన్నది పడితే గురి తప్పినట్టు. నేను దొర్లుతున్నంతసేపూ ముగ్గురూ ఊపిరి బిగబట్టేవాళ్లు. అంత చదువుకున్న పిల్లలు, లేని గుహలో లేని రాక్షసికి భయపడి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేవాళ్లు. వెటకారం చేద్దామనుకున్నాను గాని, ఆ చేతుల మధ్య తిరుగుతూ నేనూ భయపడేదాన్ని.

విరజకు ఒక అక్క ఉంది. పేరు సుభాషిణి, నాటకాల మనిషి. ఊరూరా పరిషత్తుల వాళ్లు పెట్టే నాటిక పోటీల్లో ఆడవేషం కావాలంటే ఆమెకే ఫోను వచ్చేది. ఈ వారం ఒక ట్రూపులో తల్లి, పై వారం ఇంకో ట్రూపులో కోడలు. తండ్రి లేని ఆ ఇల్లు ఆ వేషాల మీదే నడిచేది. అక్క రంగు పూసుకుని వేషం కడితే అది కళ. చెల్లెలు రంగు లేకుండా మేడ మీద వేషం కడితే పిల్లచేష్ట. ఇద్దరూ చేసేది ఒకే పని అని ఆ ఇంట్లో నాకొక్కదానికే తోచింది, నన్నెవరడిగారు.

ప్రతి ఆదివారం మేడెక్కే ముందు విరజ నన్ను గుప్పిట్లో పట్టుకుని అక్క గుమ్మం దగ్గర నిలబడేది. అక్క అద్దం ముందు సంభాషణలు వల్లె వేసుకుంటూనో, బస్సు కోసం సంచి సర్దుకుంటూనో ఉండేది.

"ఒక్కసారి వచ్చి ఇది వేసి ఎల్లిపోవే అక్కా. నీకో పాత్ర పెట్టాను."

"ఇంకా ఈ రాజులూ రాక్షసులూ ఏటే నీకు? నాకు రిహార్సలుంది."

విసుక్కుని అన్నది కాదు. తొందరలో ఉన్న మనిషి అన్నట్టే అంది. విరజ కూడా నొచ్చుకున్నట్టు కనబడేది కాదు, పై వారం అడుగుతాలే అనుకునేది.

ఆ పాత్ర సంగతి చెప్పకపోతే ఈ కథే లేదు. ఏడు కోటల రాజ్యానికి ఒక సేనాని ఉంది. ఆమెను మించిన కత్తి ఆ రాజ్యంలో లేదు. రాక్షసిని చంపగలిగేది ఆమె ఒక్కతే. కానీ మంత్రం పడి నిద్రపోయింది. ఆమెను లేపాలంటే నన్ను సుభాషిణే స్వయంగా వెయ్యాలి, ఇరవై పడాలి. ఒక ఆదివారానికి ఒక్కసారే వెయ్యాలి. అక్క రాదు, వెయ్యదు, సేనాని లేవదు. అంతవరకు ఏం చెయ్యాలి? మోయాలి. విరజ ఆ సేనానిని పల్లకీలో పడుకోబెట్టి, ఆ పల్లకీ బొంగులు దాక్షాయణికీ రెహానాకూ అప్పగించింది.

ఆ పల్లకీతో వాళ్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. గుహ మూతి ఇరుకు, పల్లకీ పట్టదు. నదిలో తెప్ప చిన్నది, పల్లకీ ఎక్కితే మునుగుతుంది. రాక్షసి వెంటపడితే పరుగెత్తడానికి లేదు. ఒకసారి విలుకత్తె బాణం వెయ్యాలంటే బొంగు దించాలి, దించేలోపు తోడేలు మీదపడింది. దాక్షాయణికి ఒళ్లు మండిపోయింది. మీ అక్క ఎలాగూ రాదు, ఏ చెట్టు కిందో దించేసి పోదామే అంది. విరజ నన్ను పళ్లెంలోంచి తీసి గుప్పిట్లో మూసేసింది. దించితే ఆట ఇక్కడితో ఆపేస్తానంది. ఆ గుప్పిట్లో చెమట నాకు తగిలింది. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు, గొణుక్కుంటూ మోశారు.

వానాకాలంలో విరజకు జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. తర్వాత డెంగీ అన్నారు. విశాఖపట్నం తీసుకెళ్లారు. నేను మేడ మెట్ల పక్క గూట్లో, ఇత్తడి పళ్లెంలో ఉండిపోయాను. ఆదివారం వచ్చింది, ఎవరూ మెట్లెక్కలేదు.

ఆమె పోయిన సాయంత్రం సుభాషిణి ఎక్కడో దూరం ఊళ్లో స్టేజీ మీద ఉంది. జ్వరం తగ్గుముఖం పట్టిందని డాక్టరు చెప్పాకే, తల్లే వెళ్లి రమ్మంటేనే వెళ్లింది. తెల్లారి బస్సు దిగి ఇంటికొచ్చేసరికి విరజను తీసుకెళ్లిపోయారు. పెళ్లికాని పిల్లను ఉంచకూడదని పెద్దలు తొందరపెట్టారట. గుమ్మం ముందు నీళ్లు చల్లిన తడి ఉంది. ఆమె చెవుల వెనక నిన్నటి రంగు ఇంకా అలాగే ఉంది. చెల్లెల్ని కడసారి చూడనైనా లేదు. ఏడవడం వృత్తిగా ఉన్న మనిషి ఆ రోజు ఏడవలేకపోయింది. నాకు కన్నీళ్లు లేవు గాని, ఉంటే ఆమె బదులు నేను ఏడ్చేదాన్ని.

దినకర్మలయ్యాక ఆమె ఏ ట్రూపు ఫోనూ ఎత్తలేదు. ఒక ఆదివారం దాక్షాయణి, రెహానా విరజ తల్లిని పలకరించడానికి వచ్చారు. సుభాషిణి వాళ్లను మేడ మీదికి తీసుకెళ్లింది. గూట్లోంచి నన్ను తీసి చాప మీద పెట్టి, నాకోసం ఏదో పాత్ర పెట్టానంటూ ఉండేది, ఏమిటది అని అడిగింది.

రెహానా మెల్లిగా అంతా చెప్పింది. సేనాని గురించి, నిద్ర గురించి. గుహలో ఇరుక్కున్న సంగతి చెబుతున్నప్పుడు దాక్షాయణి నవ్వు ఆపుకోలేక నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. సుభాషిణి మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

"అన్నాళ్లూ నన్ను మోశారా?"

"ఎక్కడా దించనివ్వలేదక్కా. దించితే ఆట ఆపేస్తాననేది."

అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. చాప మీద ముఖం ఆనించి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. కింద అమ్మకు వినబడకూడదని.

తేరుకున్నాక ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. ఆ తర్వాతి కాలమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. నేను లేస్తే ఏమయ్యేది? లేచిన సేనానితో విరజ ఏం చెప్పించేది? వాళ్లకు తెలీదు. ఆ పిల్ల కాగితం మీద ఏదీ పెట్టే రకం కాదు, కథంతా తలలోనే ఉండేది. రెహానా ఒకటి రెండుసార్లు అడిగిందట. అక్క వచ్చినరోజు చెప్తాను అనేదట.

సుభాషిణి ఆ ముగింపు తెలుసుకోవాలని పంతం పట్టింది. లేనిదాన్ని ఎక్కడ తెలుసుకుంటుంది? ఆమెకు తెలిసిన చోటు ఒక్కటే, స్టేజీ. దర్శకుడు జోగారావు మాస్టారి దగ్గరికి వెళ్లి ఇదంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, దీన్ని నాటిక చేద్దామమ్మా అన్నాడు. పేరు 'మేడ మీద రాజ్యం'. దాక్షాయణి, రెహానా వాళ్ల వేషాలు వాళ్లే వెయ్యాలి. పల్లకీలో అక్కగా పడుకోవడానికి వేరే ట్రూపు నుంచి ఒక అమ్మాయిని పిలిచారు. విరజ వేషం సుభాషిణిది. చెల్లెలు ఎలా మాట్లాడేదో ఆమెకు తప్ప ఎవరికి తెలుసు?

రిహార్సళ్లలో నాకు తల కొట్టేసినంత పని జరిగింది. ఇంత చిన్న పాచిక వెనక వరసలకు కనబడదని జోగారావు మాస్టారు గుమ్మడికాయంత థర్మోకోల్ పాచిక చేయించాడు. అది పళ్లెంలో పడితే దూది పడ్డట్టుంది. ఆ అవమానం ఎన్నాళ్లు భరించాలో అనుకుంటుండగా, మా చెల్లి చేతిలో తిరిగింది ఇదండీ, ఇదే వేస్తాను అంది సుభాషిణి. మైకు పళ్లెం దగ్గరికి జరిపారు. వెదురు బొంగులకు పాత దోమతెర కట్టి పల్లకీ చేశారు. పాత పేపర్లు మైదాపిండి జిగురుతో అంటించి రాక్షసి ముఖం చేశారు, అది భయం కంటే జాలి పుట్టించేది.

ముగింపు జోగారావు మాస్టారు రాశాడు. అక్క వెయ్యాల్సిన పాచిక విరజే వేస్తుంది, "ఇరవై" అని అరుస్తుంది, అక్క పల్లకీలోంచి లేస్తుంది. చెల్లెలు అక్కను కావలించుకుని, నీ మీద నాకెప్పుడూ కోపం లేదక్కా అంటూ ఒక పేజీ నిండా మాట్లాడుతుంది. నేను రెండు చూపించినా, పదకొండు చూపించినా ఆమె ఇరవై అనే అరిచేది. జనానికి కనబడేది కాదు గనక పట్టింపు లేదట. నిజం చెప్పడమే నా వృత్తి, నాటకాల వాళ్ల చేతిలో పడి అదీ పోయింది. ఆ సంభాషణ చెప్పిన ప్రతిసారీ రిహార్సలు హాలంతా కళ్లు తుడుచుకునేది. ఆ మాటలు పలికేటప్పుడు ఆమె చేతిలోనే ఉండేదాన్ని కదా, వేళ్లు చల్లబడిపోయేవి. అది ఇంకెవరికీ తెలీదు.

పోటీ రోజు మాది సాయంత్రం మొదటి ప్రదర్శన. విరజ తల్లి వస్తుందని ఎవరూ అనుకోలేదు. కూతురు పోయాక ఆవిడ గుమ్మం దాటింది లేదు. ఆ రోజు మాత్రం ఉతికిన నేత చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. విరజ ఏం చెబుతుందో విని వస్తానని పక్కింట్లో చెప్పి మరీ వచ్చిందట. గ్రీన్‌రూములో ఆ మాట విన్నప్పటి నుంచి సుభాషిణి నన్ను గుప్పిట్లోంచి వదల్లేదు.

నాటిక బాగా నడిచింది. గుహ దగ్గర జనం నవ్వారు, తోడేలు దగ్గర కిక్కురుమనలేదు. స్టేజీ ఎన్నడూ ఎక్కని ఆ ఇద్దరమ్మాయిలు నిజంగానే భుజం నొప్పి పుట్టినట్టు పల్లకీ మోశారు. చివరి రంగం వచ్చింది. ఆమె నన్ను వేసింది. పళ్లెంలో గిరగిరా తిరిగాను, మైకులో ఆ చప్పుడు హాలంతా నిండింది. ఆగాను. ఆమె "ఇరవై" అనాలి.

ఆమె నన్ను చూడలేదు. ముందు వరసలో కుర్చీ అంచుకు జరిగి, చెవి ఒగ్గి కూర్చున్న తల్లిని చూసింది. ఆ తల్లి చచ్చిపోయిన కూతురి మాట కోసం వచ్చింది. జోగారావు మాస్టారి మాటలు విరజవని నమ్మి ఇంటికి తీసుకెళుతుంది, బతికినంతకాలం వాటినే తలుచుకుంటుంది. సుభాషిణి నోరు తెరిచింది, మాట రాలేదు.

స్టేజీ పక్క రెక్కతెర చాటున ప్రాంప్టింగ్ ఇచ్చే పైడిరాజు తాతయ్య అది చూసి తన పని తను చేశాడు. సుభాషిణి నాలుగు ట్రూపుల్లో వేషాలు కట్టే మనిషి, మాటలు మరిచిపోవడం మామూలే అనుకున్నాడు. "ఇరవై... ఇరవై అనమ్మా" అని అందించాడు. ఆమె పలకలేదు. ఆయన గొంతు పెంచి, "నీ మీద నాకెప్పుడూ కోపం లేదక్కా" అని పై మాట కూడా అందించాడు. అప్పటికి ముందు వరసలకు స్పష్టంగా వినబడింది. బొంగురు ముసలి గొంతులో ఆ మాట హాల్లో వేలాడింది.

"ఆ మాటలు మా చెల్లివి కావు తాతయ్యా," అంది సుభాషిణి, రెక్క వైపు తిరిగి. తర్వాత జనం వైపు తిరిగింది. "అదేం చెప్పేదో నాకు తెలీదు. వస్తే చెప్తానంది. నేను రాలేదు."

పల్లకీలో పడుకున్న అమ్మాయి, సుభాషిణి నోట "ఇరవై" రాలేదు గనక, కళ్లు మూసుకునే ఉంది. జోగారావు మాస్టారు తల పట్టుకున్నాడు. స్టేజీ మీద ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. దాక్షాయణికీ రెహానాకూ నాటకం రాదు, ఆటే వచ్చు. కథ చెప్పేది ఆగిపోతే ఆటలో వాళ్లు ఎప్పుడూ చేసే పని ఒకటుంది. ఆ పనే చేశారు. వంగి పల్లకీ ఎత్తారు. సుభాషిణి ఒక్క క్షణం చూసింది. వెళ్లి వెనక బొంగు కింద తన భుజం కూడా పెట్టింది. చెల్లెలి శవాన్ని మోయని భుజం అది. ముగ్గురూ మెల్లిగా స్టేజీ దాటి వెళ్లిపోయారు. తెర లాగేవాడికి ఎప్పుడు లాగాలో తెలీక, ఖాళీ స్టేజీ మీద నేనూ నా పళ్లెమూ దీపాల కింద చాలాసేపు ఉండిపోయాం.

బహుమతి రాలేదు. ముగింపు స్పష్టంగా లేదని న్యాయనిర్ణేతలు అన్నారు, అది నిజమే. కొందరు కొత్త ప్రయోగమని చప్పట్లు కొట్టారు. మాస్టారు రెండు రోజులు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే తల్లి గ్రీన్‌రూములోకి వచ్చి, సుభాషిణి ముఖం మీది రంగు తన కొంగుతో తుడుస్తూ, "అది కూడా అంతేనే. ఏదడిగినా సగంలో ఆపి నవ్వేది," అంది. ఆ మాటతో తల్లీ కూతుళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఏడ్చారు. నన్ను పట్టుకొచ్చిన రెహానా గుమ్మంలోనే నిలబడిపోయింది.

తర్వాత ఆదివారం సుభాషిణి మేడెక్కింది. చాప మీద కూర్చుని, నా పాత్ర నాకివ్వండే అంది. కథ చెప్పడం రెహానా నెత్తినేసుకుంది. విరజలా చెప్పలేదు, మధ్యలో తడుముకుంటుంది, అయినా చెబుతోంది. నిద్రపోతున్న సేనానికి ఆటలో చేసే పనేమీ లేదు. సుభాషిణి మోకాళ్లు ముడుచుకుని వింటూ కూర్చుంటుంది. ఏ గుహ దాటారో, ఏ నది దాటారో, తన్నెలా మోశారో వింటుంది. చివర్లో ఒక్కసారి నన్ను వేస్తుంది. ఏడో, పన్నెండో పడుతుంది. లేవలేదక్కా అంటుంది రెహానా. సరే మోయండి అంటుంది ఆమె. అలా ఆదివారాలు గడిచాయి. ట్రూపుల ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టింది, ఒక్క ఆదివారం మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు. వేషం పోయినా ఫర్వాలేదంటోంది.

మనుషులు పెద్ద అంకె కోసం నన్ను ఊదుతారు, ముద్దు పెట్టుకుంటారు, కళ్లకద్దుకుంటారు. ఈమె అవేమీ చెయ్యదు. పళ్లెంలోకి జారవిడిచి, నేను ఆగేదాకా వేరే వైపు చూస్తుంది. మొదట్లో నాకు నామోషీగా ఉండేది. తర్వాత అర్థమైంది, ఇరవై పడితే సేనాని లేవాలి. లేస్తే విరజ చెప్పాల్సిన మాట ఎవరో ఒకరు చెప్పాలి. ఆ తర్వాత ఆట అయిపోతుంది.

మొన్న పడింది. నేను కావాలని పడలేదు, కావాలని పడడం నాకు చేతకాదు. దొర్లి దొర్లి పళ్లెం అంచు తగిలి, ఆ ఒక్క ముఖం పైకి తిప్పి ఆగాను. దాక్షాయణి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రెహానా వంగి అంకె చూసింది. ఆటలో అర అంకె తేడా వచ్చినా ఊరుకోని పిల్ల అది. సుభాషిణి తల తిప్పి చూసింది. విరజ కుంచెతో రాసిన ఆ ఇరవైని చాలాసేపు చూసింది. చూపుడు వేలితో మెల్లిగా నన్ను పక్కకు తిప్పింది.

"మూడు," అంది.

రెహానా కథ అందుకుంది. "ఇంకా లేవలేదక్కా. పల్లకీ ఎత్తుతన్నాం." దాక్షాయణి కళ్లు తుడుచుకుని, దారిలో ముళ్లకంప ఉందేమో చూస్తానంది. చూడాలంటే పాచిక వెయ్యాలి కదా, నన్ను తీసుకుంది.